తొలిమెట్టుకు మన్నన

అణువిద్యుత్తు అనగానే చదువుకున్నవారి మనస్సులో మెదిలేవి కొన్ని సూత్రాలు, కొన్ని పేర్లు. కేంద్రక విచ్ఛిత్తి, శృంఖలచర్య, ద్రవ్యం శక్తిగా మారే తీరు, మన దేశంలో ఈ విజ్ఞానానికి పునాది వేసిన హోమీ భాభా పేరు పాఠాలలో కనిపిస్తాయి. గోపురంవంటి కట్టడం, మీటలతోనూ దీపాలతోనూ నిండిన నియంత్రణ గది చిత్రాలలో కనిపిస్తాయి. కనిపించనివాడు ఒక్కడే. అతడు ఆ కేంద్రంలో తొలిమెట్టుమీద నిలిచి పనిచేసే మనిషి. నేల తుడిచి కలుషితాన్ని తొలగించేవాడు, రక్షణ దుస్తులు ఉతికేవాడు, పరంజా కట్టేవాడు, గొట్టాలమీది ఉష్ణనిరోధక పొరను విప్పి మళ్ళీ చుట్టేవాడు, కవాటాల మరలు బిగించేవాడు, చదువు ముగించి నిన్ననే చేరిన శిక్షణార్థి, వీరందరూ ఆ మెట్టుమీదివారే. వీరిలో స్త్రీలూ ఉన్నారు. కొందరు సంస్థ ఉద్యోగులు. అనేకులు గుత్తేదారుల కింద రోజు లెక్కన పనిచేసేవారు.

వీరిని గౌరవించాలనడం కొత్త మాట కాదు. శ్రమను గౌరవించాలని చిన్ననాటి వాచకాలే బోధిస్తాయి. కాని అణువిద్యుత్ కేంద్రంలో ఈ మాటకు మరింత లోతైన అర్థం ఉంది. అక్కడ కిందివారి పట్ల మన్నన మర్యాదకు మాత్రమే సంబంధించింది కాదు, ప్రాణరక్షణకు సంబంధించింది. పైమెట్టుమీది వారి వినయం కేవలం సుగుణం కాదు. రియాక్టరు చుట్టూ కట్టిన గోడలవలె అదీ ఒక రక్షణ కవచం. ఆ కవచానికి బీట వేస్తే ఏమి జరుగుతుందో, అది నిలిచినప్పుడు ఏమి సాధ్యమవుతుందో గత 50 సంవత్సరాల చరిత్ర స్పష్టంగా చెబుతున్నది.

1993 మార్చి 31 తెల్లవారుజామున, ఉత్తరప్రదేశ్‌లో గంగాతీరాన ఉన్న నరోరా అణువిద్యుత్ కేంద్రం మొదటి యూనిట్‌లో టర్బైను రెక్కలు రెండు విరిగిపోయాయి. ఆ అదురుకు జనరేటరును చల్లబరిచే హైడ్రోజన్ వాయువు బయటపడి అంటుకున్నది. మంటలు కేబుళ్ళ వెంట పాకాయి. అత్యవసర విద్యుత్తును తెచ్చే కేబుళ్ళు కూడా కాలిపోయి యూనిట్ అంతా చీకటిలో మునిగింది. పొగ నియంత్రణ గదిలోకి చొరబడి, అక్కడివారు బయటికి రావలసి వచ్చింది. రియాక్టరు ఆగింది, కాని ఆగిన రియాక్టరులోనూ వేడి పుడుతూనే ఉంటుంది. శృంఖలచర్య మళ్ళీ తలెత్తకుండానూ చూడాలి. అప్పుడు కొందరు ఆపరేటర్లు చేతిదీపాలు పట్టుకొని రియాక్టరు భవనం పైభాగానికి ఎక్కారు. బోరాన్ ద్రావణాన్ని లోపలికి పంపే కవాటాలను చేతులతో తిప్పి తెరిచారు. డీజిలుతో నడిచే అగ్నిమాపక పంపులతో, ఆవిరి తయారయ్యే పాత్రలకు నీరందించారు. సుమారు 17 గంటలపాటు ఆ యూనిట్‌కు విద్యుత్తు లేదు. అయినా రేడియోధార్మికత బయటికి పొక్కలేదు.

ఆ రాత్రి కేంద్రాన్ని కాపాడినవి బిరుదులు కావు. షిఫ్టులో ఉన్నవారి చేతులు. ఏ కవాటం ఎక్కడ ఉన్నదో, దానిని ఏవైపు తిప్పాలో, చీకటిలో ఎన్ని మెట్లు ఎక్కాలో తెలిసిన చేతులవి. ఇటువంటి తెలివి గ్రంథాలలో పూర్తిగా దొరకదు. ప్రతిదినమూ ఆ దారిన నడిచేవారికి, ఆ యంత్రాలను తాకేవారికి మాత్రమే అలవడుతుంది. పంపు మోత నిన్నటివలె లేదన్న సంగతి మొదట తెలిసేది దాని పక్కన నేల తుడిచేవానికి. కవాటం కింద తడి కనిపించేది పరంజా ఎక్కినవానికి. గొట్టంమీది తుప్పు కంటబడేది దానిమీది పొర విప్పినవానికి. యంత్రం చెప్పే నిజం మొదట తొలిమెట్టుకే వినిపిస్తుంది.

అయితే వినిపించిన నిజం పైమెట్టుదాకా చేరాలి. చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఆజ్ఞ పైనుండి కిందికి పల్లానికి పారే నీటివలె తనంతట తాను దిగుతుంది. వార్త అటువంటిది కాదు. అది కిందినుండి మెరకకు ఎక్కాలి. నీరు మెరకకు ఎక్కాలంటే ఏతం కావాలి. సంస్థలో ఆ ఏతమే మన్నన. పైవారు వింటారన్న నమ్మకం ఉంటే కిందివారు చెబుతారు. కసురుకుంటారన్న భయం ఉంటే చూచినదానిని చూడనట్లు ఊరుకుంటారు.

ఒక చిన్న సన్నివేశాన్ని ఊహించవచ్చు. కొత్తగా చేరిన ఇరవైరెండేళ్ళ ఇంజనీరు వద్దకు యాభైయేళ్ళ సహాయకుడు వచ్చి, “అయ్యా, ఈ పంపు మోత ఎందుకో తేడాగా ఉందండీ” అన్నాడు. “నీకేం తెలుసు? చెప్పిన పని చూసుకో” అని ఇంజనీరు విసుక్కున్నాడు. ఆనాటి పంపులో నిజంగా లోపం లేకపోవచ్చు. కాని లోపం అక్కడే మొదలయింది. మరునాడు మోత ఇంకా మారినా ఆ పెద్దమనిషి నోరు విప్పడు. ఒక్క విసురుమాటతో కేంద్రం రెండు చెవులను పోగొట్టుకున్నది. తండ్రి వయస్సువానిని ‘నువ్వు’ అనడంలోని అమర్యాద ఒక యెత్తు; ఆ అమర్యాదవల్ల మూతపడిన నోరు మరొక యెత్తు.

కిందినుండి వచ్చిన మాట మధ్యదారిలో ఆగిపోతే ఎంతటి అనర్థం కలుగుతుందో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం చూపింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆ కేంద్రంలో 1979 మార్చి 28న పీడనాన్ని తగ్గించే ఒక కవాటం తెరుచుకొని మూసుకోలేదు. నియంత్రణ గదిలోని దీపం మాత్రం అది మూసుకున్నదనే భావాన్ని కలిగించింది. ఆ దీపం తెలిపేది కవాటానికి ఆజ్ఞ వెళ్ళిన సంగతినే గాని, కవాటం నిజస్థితిని కాదు. లోపలి నీరు పోతూ ఉంటే, నీరు ఎక్కువైనదని భ్రమించిన ఆపరేటర్లు అత్యవసర నీటిని తగ్గించారు. రియాక్టరు గర్భంలో చాలా భాగం కరిగిపోయింది. విచారకరమైన విషయమేమిటంటే, దాదాపు ఇటువంటి సంఘటనే 1977లో ఒహాయో రాష్ట్రంలోని డేవిస్ బెస్సీ కేంద్రంలో జరిగింది. రియాక్టరును తయారుచేసిన సంస్థలోని ఒక ఇంజనీరు 1978లోనే ఆపరేటర్లకు స్పష్టమైన సూచనలు ఇవ్వాలని తన పైవారికి వ్రాశాడు. ఆ లేఖ బల్లలమీద తిరిగింది. ప్రమాదంనాటికి ఆపరేటర్లను చేరలేదు. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. గణితశాస్త్రజ్ఞుడు జాన్ కెమెనీ అధ్యక్షతన ఏర్పడిన సంఘం విచారించి, మూలసమస్య యంత్రాలకంటె మనుషులకు సంబంధించినదని 1979 అక్టోబరులో తేల్చింది. మనుషులంటే మీటలు తిప్పినవారు మాత్రమే కాదు. వారికి శిక్షణ ఇచ్చినవారు, వినవలసిన మాట విననివారు కూడా.

ప్రమాదం జరిగినప్పుడు నింద మొదట పడేది కిందివారి మీదనే. 1986 ఏప్రిల్ 26న నాటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్‌లో నాలుగవ రియాక్టరు పేలినప్పుడు దోషమంతా ఆపరేటర్లదేనని మొదట ప్రచారమైంది. ఆ రాత్రి మీటల ముందు కూర్చున్న యువకుని వయస్సు 25 సంవత్సరాలు. ఆ బాధ్యతలో చేరి కొన్ని నెలలే అయింది. కొద్ది వారాలకే అతడు రేడియేషన్ వ్యాధితో మరణించాడు. ఆ రియాక్టరు నియంత్రణ కడ్డీల నిర్మాణంలోనే లోపమున్నది. ఆపడానికి దించిన కడ్డీలే కొన్ని పరిస్థితులలో మొదటి క్షణాలలో శక్తిని పెంచుతాయి. లిథువేనియాలోని ఇగ్నలీనా కేంద్రంలో 1983లోనే ఈ సంగతి బయటపడింది. కాని ఆ హెచ్చరిక మీటల ముందు కూర్చునేవారి నియమావళిలోకి ఎక్కలేదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సలహాసంఘం 1986 నాటి తన తొలి నివేదికను సవరిస్తూ, 1992లో రియాక్టరు నిర్మాణలోపాలకూ భద్రతా సంస్కృతి లేమికీ పెద్దపీట వేసింది. తెలియవలసినది తెలియజేయకుండా, తెలియక చేసినదానికి శిక్షించడం అవమానాలన్నింటిలోకి పెద్ద అవమానం.

తెలియజేయడమే గౌరవంలో మొదటి భాగమని జపాన్‌లోని తోకైమురా ఉదంతం మరింత కఠినంగా నిరూపించింది. 1999 సెప్టెంబరు 30న అక్కడి ఇంధన కర్మాగారంలో ముగ్గురు కార్మికులు యురేనియం ద్రావణాన్ని ఒక తొట్టిలో పోస్తున్నారు. నియమం ప్రకారం వాడవలసిన పరికరాలకు బదులు స్టీలు బకెట్లు వాడారు. ఆ తొట్టిలో ఉండదగిన యురేనియం 2.4 కిలోగ్రాములు, వారు పోసినది సుమారు 16 కిలోగ్రాములు. తటాలున నీలికాంతి మెరిసింది. తొట్టిలోనే శృంఖలచర్య మొదలై సుమారు 20 గంటలు సాగింది. ముగ్గురిలో ఇద్దరు నెలల తరబడి నరకయాతన అనుభవించి మరణించారు. ఆ బకెట్ల పద్ధతి వారి కల్పన కాదు. పని త్వరగా ముగియాలని సంస్థలోనే అనుమతిలేకుండా అలవాటైన దారి. ఎంత యురేనియం ఒకచోట చేరితే ప్రమాదమో, ఎందుకు ప్రమాదమో ఆ చేతులకు ఎవరూ సరిగా నేర్పలేదు. 2003లో న్యాయస్థానం ఆ సంస్థకు చెందిన ఆరుగురిని దోషులుగా నిర్ణయించింది. ‘కూలివానికి సిద్ధాంతమెందుకు? పోయమన్నది పోస్తే చాలు’ అనే భావన ఎంతటి ప్రాణాంతకమో ఇంతకంటె వేరే చెప్పనక్కరలేదు.

తొలిమెట్టువారి ప్రాణాలు పైవారి జాబితాలలోని ఒక్క పంక్తిమీద ఆధారపడి ఉంటాయి. జపాన్‌లోనే మిహమా కేంద్రంలో 2004 ఆగస్టు 9న మూడవ యూనిట్ టర్బైను భవనంలో వేడినీటి గొట్టం పగిలింది. మరుగుతున్న ఆవిరి చిమ్మి ఐదుగురు మరణించారు, ఆరుగురు గాయపడ్డారు. అందరూ ఉపగుత్తేదారు మనుషులే. రానున్న వార్షిక తనిఖీకోసం పనిముట్లు సర్దడానికి అక్కడ చేరినవారు. ఆ గొట్టం మందం మొదట 10 మిల్లీమీటర్లు. 1976లో కేంద్రం పనిచేయడం ప్రారంభమైననాటినుండి 28 సంవత్సరాలపాటు ఆ భాగాన్ని ఎవరూ కొలిచి చూడలేదు. తనిఖీ జాబితాలో దాని పేరు చేరలేదు. లోపల పారే నీరు ఏళ్ళతరబడి అరగదీయగా అక్కడి మందం 2 మిల్లీమీటర్లకంటె తక్కువకు దిగింది. పొరపాటును తనిఖీ సంస్థ 2003లో గుర్తించింది. పరీక్ష 2004 ఆగస్టు 14న మొదలయ్యే విరామంలో జరగవలసి ఉన్నది. గొట్టం ఐదు రోజులు ఆగలేదు. కింద నడిచేవారి తలలు తమ తలలతో సమానమని తలచిన చోట ఇటువంటి పరీక్ష వాయిదాల పట్టికలో కూర్చోదు.

మన్నన ఎలా ఉంటుందో చూపిన ఘట్టమూ ఆ దేశంలోనే ఉన్నది. 2011 మార్చి 11న సునామీ ఫుకుషిమా దాయిచీ కేంద్రాన్ని ముంచెత్తి విద్యుత్తును హరించింది. మీటర్లు చదవడానికి వీలు లేకపోతే సిబ్బంది తమ కార్ల బ్యాటరీలు విప్పి తెచ్చి తగిలించారు. మొదటి రియాక్టరులో పీడనం ప్రమాదస్థాయికి పెరిగినప్పుడు చీకటిలో, రేడియేషన్‌లో లోపలికి వెళ్ళి కవాటాలు తెరవవలసి వచ్చింది. ఆ పనికి యువకులను పంపరాదని, వయస్సు మళ్ళినవారే వెళ్ళాలని షిఫ్టు పెద్దలు నిర్ణయించుకున్నారు. పదవి అంటే ముందుగా అడుగువేసే బాధ్యత అని వారు గ్రహించారు. తొలిమెట్టుకు ఇంతకు మించిన గౌరవం ఏముంటుంది?

అదే కేంద్రంలో ఆ నెల 24వ తేదీన మరొక దృశ్యం కనిపించింది. మూడవ యూనిట్ నేలమాళిగలో కేబుళ్ళు పరచడానికి దిగిన ముగ్గురు గుత్త కార్మికులు తీవ్రంగా కలుషితమైన నీటిలో నిలబడి పనిచేశారు. వారిలో ఇద్దరి కాళ్ళకు పొట్టి బూట్లే ఉన్నాయి. నీరు లోపలికి దిగింది. ముందురోజు పరిశీలనలో ప్రమాదం కనిపించలేదు. ఆనాడు మళ్ళీ కొలిచి చెప్పినవారు లేరు. ఒంటిమీది మీటరు మ్రోగినా, అది చెడిపోయిందేమో అనుకొని పని కొనసాగించారు. ఒకే ఆవరణలో, రెండు వారాల వ్యవధిలో, రెండు తీరుల మనిషి విలువ వ్యక్తమైంది.

ఇక్కడ బీదరికం కూడా తన మాట చెబుతుంది. అణుకేంద్రంలో ప్రతి కార్మికుడూ తన ఒంటికి సోకిన రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జి ధరిస్తాడు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి నియమం ప్రకారం ఐదు సంవత్సరాల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించరాదు. ఏ ఒక్క సంవత్సరంలోనూ 30 దాటరాదు. హద్దు చేరినవానిని ఆ పనినుండి తప్పించాలి. నియమం మంచిదే. కాని రోజుకూలికి తప్పించడమంటే పొయ్యి ఆరడం. ఫుకుషిమాలో 2011 డిసెంబరులో ఒక ఉపగుత్తేదారు సంస్థ అధికారి, మీటరులో అంకె తక్కువగా కనిపించేందుకు దానికి సీసపు తొడుగు వేయించాడు. ఈ సంగతి 2012లో బయటపడింది. కొలత దాచితే ఒంటికి సోకేది తగ్గదు. అందువల్ల గౌరవం పలకరింపుతో ముగియరాదు. హద్దు చేరినవానికి మరొక పని చూపడం, వాని కూలికి హామీ ఇవ్వడం, వాని ఆరోగ్యాన్ని ఏళ్ళతరబడి కనిపెట్టి ఉండడం అందులో భాగాలు. చేతికి అన్నం లేని గౌరవం మాటల మూట.

ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు. 1971లో హైదరాబాదులో నెలకొల్పిన అణు ఇంధన సముదాయం దేశంలోని భారజల రియాక్టర్లకు దశాబ్దాలుగా ఇంధనాన్ని అందిస్తున్నది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని మణుగూరు వద్ద భారజలం తయారవుతున్నది. కడప జిల్లా తుమ్మలపల్లెలో భూగర్భంనుండి యురేనియం ఖనిజాన్ని తవ్వుతున్నారు. ఒక చిన్న లెక్క వేస్తే ఈ చేతుల విలువ తెలుస్తుంది. 220 మెగావాట్ల భారజల రియాక్టరులో 306 గొట్టపు మార్గాలుంటాయి. ఒక్కొక్క మార్గంలో 12 ఇంధనపు కట్టలు, ఒక్కొక్క కట్టలో 19 సన్నని లోహపు గొట్టాలు ఇముడుతాయి. మొత్తం 69,768 గొట్టాలు. ప్రతి గొట్టానికీ రెండు చివరలు మూయాలి. అంటే 1,39,536 అతుకులు. అతికేది యంత్రమే కావచ్చు. ఆ యంత్రాన్ని సిద్ధంచేసేవి, శుభ్రపరిచేవి, అతుకును పరీక్షించేవి మనుషుల చేతులు, కళ్ళు. ఒక్క అతుకు లీకయినా లోపలి రేడియోధార్మిక పదార్థాలు చల్లబరిచే భారజలంలో కలుస్తాయి. వారధి కట్టేవేళ ఇసుక రాల్చిన ఉడుతను లోకం ముచ్చటగా తలచుకుంటుంది. ‘ఉడుతాభక్తి’ అనే మాటలో ఆదరం ఉన్నా, ఆ సాయం లేకున్నా వారధి నిలిచేదే అన్న ధ్వని కూడా ఉన్నది. అణుకేంద్రంలో తొలిమెట్టువాని పని అటువంటిది కాదు. అది వారధిలోని రాయి.

ఈ వాదానికి ఆక్షేపణలు లేకపోలేదు. అణుకేంద్రం నడిచేది క్రమశిక్షణతో. అందరి మాటా వింటూ కూర్చుంటే పని సాగదని కొందరంటారు. అనుభవం లేనివాని అనుమానాలలో పదింట తొమ్మిది వట్టివే కావచ్చునని మరికొందరంటారు. ఈ మాటలలో కొంత నిజం ఉన్నది. మన్నన అంటే ముఖస్తుతి కాదు. తప్పును కప్పిపుచ్చడమూ కాదు. నియమాన్ని దాటినవాడు ఎంతటి పేదవాడైనా అతనిని వెంటనే ఆపాలి. తొలిమెట్టుమీదివానికీ వినయం అవసరమే. నియమావళిపట్ల, తనకంటె ముందు ఆ దారిన నడిచినవారిపట్ల అతడు అణకువతో ఉండాలి. కాని వినడం వేరు, విన్నదల్లా చేయడం వేరు. తొమ్మిది వట్టి అనుమానాలను ఓపికతో విన్నవానికే పదవది దక్కుతుంది. తొమ్మిదింటికీ కసిరినవాని దగ్గరకు పదవది రాదు. వట్టిదని తేలిన అనుమానానికి కారణం వివరించి, “మంచిదయ్యా, చెప్పావు; మళ్ళీ ఏది కనిపించినా చెప్పు” అనడానికి పట్టే కాలం ఒక నిమిషం. ఆ నిమిషం నష్టం కాదు, క్రమశిక్షణలో భాగమే.

జీతం ఇస్తున్నప్పుడు వేరే గౌరవమెందుకని అడిగేవారూ ఉన్నారు. జీతం చేతులకు ముట్టేది. కళ్ళు, చెవులు, మనస్సు జీతానికి అమ్ముడుపోవు. చెప్పిన పని చేయించుకోవడానికి కూలి చాలు. చెప్పని ప్రమాదాన్ని కనిపెట్టి చెప్పించుకోవడానికి కూలి చాలదు. దానికి ఆత్మీయత కావాలి. అది జాలివల్ల రాదు. జాలి పైనుండి కిందికి చూస్తుంది. మన్నన ఎదురుగా చూస్తుంది.

భారతంలోని ధర్మవ్యాధుని కథ తెలుగు పాఠకులకు పరిచితమే. ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వ భాగంలో అది ఉన్నది. వేదాధ్యయనపరుడైన కౌశికుడు తనమీద రెట్ట వేసిన కొంగను కోపదృష్టితో నేలకూల్చాడు. భిక్షకు వెళ్ళిన ఇంట ఆలస్యమైనందుకు ఆ ఇల్లాలిపై అదే కోపం చూపబోగా, తాను కొంగను కానని ఆమె నెమ్మదిగా చెప్పింది. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్ళి ఒక మాంసవిక్రేతను అడగమన్నది. కౌశికుడు వెళ్ళాడు. అంగడిలో మాంసం అమ్ముకునే మనిషి ముందు విద్వాంసుడు శిష్యుడై నిలిచాడు. ఆ కథలో కౌశికుని గొప్పతనం అతని తపస్సులో లేదు. మిథిలదాకా సాగిన నడకలో ఉన్నది. కొంగను కాల్చిన చూపు అతనికి ఏ విద్యనూ సంపాదించి పెట్టలేదు. వంచిన తలే సంపాదించి పెట్టింది.

ఈనాటి ఇంజనీరుకు మిథిల చాలా దూరంలో లేదు. నియంత్రణ గదినుండి పంపుల గదికి దిగే మెట్లే ఆ దారి. పట్టా చేతపట్టుకొని తొలిసారి అడుగుపెట్టిన యువకుడు అక్కడ పదేళ్ళుగా పనిచేస్తున్న సహాయకుని పేరు తెలుసుకోవాలి. ‘ఏయ్’ అని కాక ఆ పేరుతోనో, వయస్సుకు తగిన వరుసతోనో పిలవాలి. పని చెప్పేటప్పుడు ఎలా చేయాలో మాత్రమే కాక ఎందుకు చేయాలో కూడా చెప్పాలి. తనకిచ్చిన బూట్లు, చేతితొడుగులు, మీటరు ఎంత మంచివో, గుత్త కార్మికునికిచ్చినవీ అంత మంచివేనా అని చూడాలి. తానే తప్పు చేసినప్పుడు అతని ముందు ఒప్పుకోగలగాలి. వీటిలో దేనికీ పెద్ద నిధులు అక్కరలేదు. కొంచెం అహంకారాన్ని వదులుకుంటే చాలు.

నేడు తరగతి గదిలో భౌతికశాస్త్రం చదువుతున్నవారిలో కొందరు రేపు అటువంటి కేంద్రాలలో అధికారులు కావచ్చు. కొందరు తొలిమెట్టుమీదనే నిలవవచ్చు. మొదటివారు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: కేంద్రకానికి హోదాలు తెలియవు. పెద్ద ఉద్యోగి సంతకాన్ని చూచి గొట్టం అరగడం మానదు; చిన్న ఉద్యోగి చెప్పాడని కవాటం అబద్ధమాడదు. రెండవవారు గుర్తుంచుకోవలసిందీ ఒక్కటే: తమ కంటబడినది చెప్పడం సాహసం కాదు, అది వారి పనిలో భాగం. ఈ ఇద్దరి మధ్య ఏతం ఆగకుండా ఆడినంతకాలం ఇళ్ళలో దీపాలు నిశ్చింతగా వెలుగుతాయి. అది ఆగిననాడు ఎంత మందమైన గోడలు కట్టినా భద్రత నిలవదు.